డెల్టా ఇంటి ముందు చిన్న పూలచెట్టు: నేల అడుగు నీరు, పైన గాలి చూసి ఎంచుకోవడం ఎలా

గోదావరి డెల్టాలో చెట్టుకు దాహం కంటే మునక ప్రమాదం ఎక్కువ. 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తయి కాలువలు పారడం మొదలయ్యాక ఈ నేల అడుగున తడి ఆరే రోజులు తక్కువ. వానాకాలంలో పల్లపు ఊళ్ళలో గజం లోతు తవ్వకుండానే గుంటలో నీరు ఊరుతుంది. వేసవిలో కాలువలు కట్టేశాక అదే నేల నెర్రెలు విచ్చుతుంది. వీటికి తోడు అక్టోబరు, డిసెంబరు మధ్య వాయుగుండాలు. ఈ మూడింటినీ తట్టుకునే చెట్టు కావాలి, అదీ మూడు సెంట్ల స్థలంలో ఇల్లు కట్టగా మిగిలిన ఆరేడు అడుగుల జాగాలో పట్టాలి. అందుకే కడియపులంక నర్సరీలకు వెళ్ళి పువ్వు చూసి మొక్క కొనడం అన్నిటికంటే చివర చేయాల్సిన పని. ముందు ఇంటి దగ్గర రెండు మూడు పరీక్షలు ఉన్నాయి.

ముందుగా చోటు కొలవండి

టేపు పట్టుకుని ఖాళీ జాగా పొడవు వెడల్పులు కాగితం మీద గీయండి. బోరు, సెప్టిక్ ట్యాంకు, మునిసిపల్ పైపు, మురుగు కాలువ ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తు పెట్టండి. తలెత్తి చూసి కరెంటు తీగ, మేడ మీది సన్‌షేడ్, పక్కింటి గోడ కూడా రాసుకోండి.

దూరానికి ఒక లెక్క ఉంది. చెట్టు పూర్తిగా పెరిగాక కొమ్మలు ఎంత వెడల్పు విస్తరిస్తాయో అందులో సగం తీసుకుని రెండడుగులు కలపండి. ఇంటి గోడ నుంచి మొదలుకు కనీసం అంత దూరం ఉండాలి. ఎనిమిదడుగులు విస్తరించే చెట్టయితే ఆరడుగులు. ప్రహరీకి నాలుగడుగులు సరిపోతుంది. సెప్టిక్ ట్యాంకుకి పది అడుగులు వదలండి, ఎందుకంటే ట్యాంకు ఎక్కడ చెమ్మగిల్లితే వేరు అక్కడికే వెళుతుంది. తీగల కింద పది అడుగులు మించి పెరిగేది ఏదీ వద్దు.

నల్లరేగడి ఉన్న ఊళ్ళలో గోడ దూరం విషయంలో ఇంకా గట్టిగా ఉండాలి. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. గోడ పక్కన చెట్టు ఉంటే వేసవిలో పునాది కింద తడిని లాగేస్తుంది, నేల అక్కడ మరింత కుంగుతుంది, గోడ మీద ఏటవాలు బీట కనిపిస్తుంది. వేరు గోడను పగలగొట్టిందని అందరూ అంటారు గానీ చాలా ఇళ్ళలో గోడను చీల్చింది ఎండిన రేగడే.

దిక్కు సంగతి. సాయంత్రపు ఎండ, మే నెల వడగాలి పడమర నుంచి వస్తాయి. నీడ కావాలంటే చెట్టు పడమరకో నైరుతికో ఉండాలి. ఈశాన్యంలో ఎత్తు చెట్టు వద్దని పెద్దలు అంటారు. అక్కడ పొద్దుటి ఎండ ఇంట్లోకి రావాలి కాబట్టి తోటపని లెక్కలో కూడా ఆ మాట సరిపోతుంది.

గుంట పరీక్ష

చెట్టు పెట్టదలచిన చోటే అడుగు వెడల్పు, అడుగున్నర లోతు గుంట తీయండి. నిండా నీళ్ళు పోసి ఇంకనివ్వండి. మళ్ళీ నింపి, అడ్డంగా కర్ర పెట్టి, గంటకు ఎన్ని అంగుళాలు దిగిందో స్కేలుతో చూడండి. రెండు అంగుళాలు దాటి దిగితే దాదాపు ఏ మొక్కయినా పెట్టవచ్చు. ఒక అంగుళం లోపే దిగితే అది నీరు పట్టి ఉంచే నేల, అక్కడ దిబ్బ కట్టి నాటాలి. ఈ పరీక్ష వేసవిలో చేసి మురిసిపోకండి. సెప్టెంబరులో, రెండు మూడు రోజులు ముసురు పట్టిన తర్వాత మళ్ళీ తవ్వి చూడండి. అప్పుడు గుంటలో నీరు దానంతటదే ఊరితే, అది నేల ఉపరితలానికి ఎంత కిందుగా నిలిచిందో కొలిచి రాసుకోండి. రెండడుగుల లోపలే నీరుంటే పారిజాతం, సంపంగి లాంటివి నేల మట్టానికి నాటితే బతకవు.

తీరం దగ్గరి ఊళ్ళవాళ్ళు, అంటే అంతర్వేది, అల్లవరం, నరసాపురం వైపు ఉన్నవాళ్ళు, ఉప్పు కూడా చూడాలి. మంచినీళ్ళ ఫిల్టరు బాగుచేసేవాళ్ళ దగ్గర ఉండే టీడీఎస్ మీటరుతో (నీటిలో కరిగిన లవణాలు ఎన్నో చూపేది) బోరు నీళ్ళు కొలిపించండి. 500 లోపుంటే నిశ్చింత. 1000 దాటితే మొక్కను ఏరుకోవాలి. 1500 దాటితే దేవగన్నేరు, ఎర్ర కార్డియా, గన్నేరు లాంటి ఉప్పుకు ఓర్చుకునేవి తప్ప మిగతావాటి ఆకు అంచులు మాడతాయి. మీటరు దొరక్కపోతే నేల చూడండి. ఎండాకాలం మట్టి మీద తెల్లటి పొర కట్టిందంటే అది చౌడు. కొబ్బరి చెట్టు బాగుంది కదా అని పూలచెట్టు కూడా బాగుంటుందని అనుకోవద్దు. కొబ్బరి ఉప్పును చాలా వరకు భరిస్తుంది.

ఏ చోటుకి ఏ చెట్టు

పారిజాతం గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే అందరూ అడిగేదీ ఇదే, ఎక్కువగా చంపుకునేదీ ఇదే. పది నుంచి పదిహేను అడుగులు పెరుగుతుంది, కత్తిరిస్తూ ఉంటే పన్నెండులో ఆగుతుంది. ఆగస్టు నుంచి డిసెంబరు దాకా పూస్తుంది. పొద్దుగూకాక విచ్చి, తెల్లవారేసరికి రాలుతుంది కాబట్టి కింద గచ్చు కాకుండా శుభ్రంగా అలికిన నేలో గడ్డో ఉంచితే ఏరుకోవడానికి బాగుంటుంది. నర్సరీలో అదే మొక్కో కాదో తెలియాలంటే లేత కొమ్మను రెండు వేళ్ళ మధ్య తిప్పి చూడండి. గుండ్రంగా కాక నాలుగు పలకలుగా తగులుతుంది. ఆకు గరుకు కాగితంలా వేలికి గీసుకుంటుంది. దీనికి నిలవ నీరు పడదు. ఫిబ్రవరి నుంచి మే దాకా ఆకులు రాల్చి బోసిగా నిలబడుతుంది, అది దాని తీరు. ఎండిపోయిందనుకుని రోజూ బిందెడు నీళ్ళు పోయడం వల్ల చచ్చిన పారిజాతాలే ఎక్కువ. ఆ రోజుల్లో కొమ్మ మీద గోటితో చిన్నగా గీకండి. లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. పది రోజులకోసారి తడిపితే చాలు.

నీరు నిలిచే పల్లానికి బాటిల్ బ్రష్ మంచిది. వాలు కొమ్మల రకం పన్నెండు, పదిహేను అడుగులు పోతుంది. వేరు తడిని తట్టుకుంటుంది, కొమ్మ గాలికి వంగుతుంది కాబట్టి విరగడం తక్కువ. ఎర్రటి బ్రష్ పువ్వు వాడిన వెంటనే దాని వెనక రెండంగుళాల దగ్గర కత్తిరిస్తే గుబురుగా వస్తుంది. ఆకులేని ముదురు కర్ర దాకా కోస్తే మాత్రం ఆ కొమ్మ తిరిగి చిగురించకపోవచ్చు.

నందివర్ధనం పొద గదా, చెట్టెలా అవుతుందని చాలామంది అనుకుంటారు. ఒక్క కాండం ఉంచి, అడుగు నుంచి వచ్చే పిలకలు మూడేళ్ళ పాటు తీసేస్తూ ఉంటే ఏడెనిమిది అడుగుల చక్కటి గొడుగు చెట్టవుతుంది. సగం నీడలోనూ పూస్తుంది, పూజకు ఏడాది పొడుగునా పూలిస్తుంది. నాలుగున్నర అడుగుల జాగా మాత్రమే ఉన్న ఇంటికి దీన్ని మించింది లేదు. ఒంటిరేకుది చెట్టులా మలచడానికి తేలిక. ముద్ద నందివర్ధనం పూల బరువుకి, వాన తడికి కొమ్మ వాలుతుంది. వేలెడు లావు ఆకుపచ్చ గొంగళి రాత్రికి రాత్రే ఆకులన్నీ తినేస్తుంది. నేల మీద నల్లటి గుళికల్లాంటి రెట్ట కనిపిస్తే సరిగ్గా దాని పైన ఉన్న కొమ్మలో వెతకండి, దొరుకుతుంది. చేత్తో తీసేస్తే చాలు, మందు అక్కర్లేదు.

దేవగన్నేరు తీరం ఊళ్ళకి. ఉప్పుగాలికి ఓర్చుకుంటుంది. కొమ్మలు పెళుసు కాబట్టి తుఫానులో కొన్ని విరుగుతాయి, కానీ చెట్టు వేళ్ళతో లేవడం అరుదు. విరిగిన కొమ్మను అడుగున్నర ముక్క కోసి, పాలు ఆరేదాకా వారం పది రోజులు నీడలో పెట్టి, ఇసుక కలిపిన మట్టిలో గుచ్చితే కొత్త మొక్క. వెంటనే గుచ్చితే కుళ్ళుతుంది. గుండ్రటి కొస ఆకుల తెల్ల రకం ఏడాదంతా పచ్చగా ఉంటుంది, మొనదేలిన ఆకుల రంగు రకం చలికాలంలో ఆకు రాలుస్తుంది. వానాకాలంలో ఆకు అడుగున నారింజ రంగు పొడి కనిపిస్తే అది తుప్పు తెగులు. ఆ ఆకులు ఏరి కాల్చేయండి, సాయంత్రం పూట చెట్టు మీద నీళ్ళు చల్లకండి. దీని పాలు కంట్లో పడకూడదు.

అశోకం గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. నర్సరీలో అశోక అంటే చాలాచోట్ల నిట్టనిలువుగా పెరిగే నరమామిడి చూపిస్తారు. ఒక్కో ఆకు విడిగా, అంచు అలలు అలలుగా ఉంటే అది నరమామిడి, పొడుగ్గా పోయి తుఫానుకి తల విరుగుతుంది. అసలు అశోకానికి ఒక ఈనెకి నాలుగు నుంచి ఆరు జతల చిట్టి ఆకులుంటాయి, చిగురు రాగి రంగులో కిందికి వేలాడుతుంది. వేసవి మొదట్లో నారింజ రంగు గుత్తులు కొమ్మల మీదే పూస్తాయి. అడవిలో వాగు ఒడ్డున పెరిగే చెట్టు కాబట్టి డెల్టా చెమ్మ దానికి అచ్చివస్తుంది, వడగాలి మాత్రం పడదు. ఇంటికి తూర్పునో ఉత్తరానో, పడమటి ఎండకు గోడ అడ్డం ఉన్నచోట పెట్టండి. నెమ్మదిగా పెరుగుతుంది, అయిదారేళ్ళు ఓపిక పట్టాలి. పదిహేను అడుగుల జాగా ఉంటేనే పెట్టండి.

చైనా గోరింటకు పూర్తి ఎండ కావాలి. నీడలో బూడిద తెగులు తప్పదు. రత్నగంధి గింజ వేసినా ఏడాదిలో పూస్తుంది, తొమ్మిది పది అడుగులు, ఏటా జనవరిలో నడుం ఎత్తుకి కోయాలి. తెల్ల దేవకాంచనం ఏడడుగుల్లో ఆగుతుంది. ఎర్ర కార్డియా ఉప్పు నేలకి మేలైనది.

వద్దనాల్సినవీ ఉన్నాయి. పెద్ద తురాయి, బాదం, ఏడాకుల పాల, సంపంగి గింజ మొక్క పెద్ద చెట్లవుతాయి. కోనోకార్పస్ వేళ్ళు పైపుల్లోకి, మురుగు కాలువల్లోకి దూరతాయి. పసుపు పూల కాసియా రెండేళ్ళలో చెట్టంతై పూస్తుంది గానీ వేళ్ళు పైపైనే ఉంటాయి, మొదటి వాయుగుండానికే పక్కకు ఒరుగుతుంది. పచ్చగన్నేరు గింజ ప్రాణం తీస్తుంది, మామూలు గన్నేరు కూడా విషమే. పసిపిల్లలు తిరిగే ఇంట్లో, ఆవు గేదె కట్టే దొడ్డిలో రెండూ వద్దు.

నర్సరీలో ఏం చూడాలి

కడియం, కడియపులంక, వేమగిరి, బుర్రిలంక దారి పొడుగునా పన్నెండడుగుల పూసే మొక్కలు నిలబెట్టి ఉంటాయి. మనసు అటే పోతుంది. అయినా నాలుగు, అయిదు అడుగుల మొక్కే కొనండి. పెద్ద మొక్కకు పైన కొమ్మ ఎక్కువ, కవరులో వేరు తక్కువ. అది కోలుకునే ఏడాదిలో చిన్నది దాన్ని అందుకుంటుంది, గాలికి నిలవడంలో మించిపోతుంది.

కట్టిన వెదురు బద్ద విప్పమనండి. మొక్క తనంత తాను నిలబడాలి. మొదలు దగ్గర పట్టుకుని మెల్లగా ఊపండి. కాండం ఊగితే ఊగనివ్వండి, మట్టిలో మాత్రం కదలకూడదు. కవరు కింద కన్నంలోంచి బొటనవేలంత వేరు నేలలోకి దిగి ఉంటే దాన్ని తెంపి ఇస్తారు, ఆ మొక్క వద్దు. అడిగితే కవరు ఒక పక్క విప్పి చూపిస్తారు. వేళ్ళు తెల్లగా, లేత గోధుమ రంగులో ఉండాలి. నల్లబడి పుల్లటి వాసన వస్తే కుళ్ళు మొదలైంది. వేళ్ళు గుండ్రంగా చుట్టలు చుట్టుకుని తాడులా ఉంటే అది కవరులో ఏళ్ళ తరబడి ఉండిపోయినది. అంటుమొక్క అయితే అతుకు ఎక్కడుందో చూసుకోండి, అది మట్టికి పైనే ఉండాలి.

నాటడం

మెరక నేలలో తొలకరి వానలకు, జూన్ నెలాఖరు నుంచి జూలైలో నాటండి. పల్లంలో సంక్రాంతి దాటాక నాటడమే మేలు. తుఫానులు వెళ్ళిపోయి ఉంటాయి, నేల చెమ్మ ఇంకా ఉంటుంది, వానలొచ్చేలోపు వేరుకి అయిదు నెలల వ్యవధి దొరుకుతుంది.

ఇక్కడే డెల్టా ఇళ్ళలో జరిగే పెద్ద పొరపాటు ఉంది. నర్సరీ మొక్క ఎర్రమట్టి ముద్దలో పెరిగి ఉంటుంది, మన నేల నల్లమట్టి. లోతైన గుంట తీసి, అందులో ఇసుక, ఎర్రమట్టి, ఎరువు నింపి నాటితే వానాకాలంలో ఆ గుంట తొట్టి అవుతుంది. చుట్టూ ఉన్న రేగడి నీటిని పోనివ్వదు, వదులు మట్టి నిండా నీరు పట్టి వేరు ఊపిరాడక కుళ్ళుతుంది. ఎండాకాలంలో దీనికి తలకిందులు. ముద్ద ఎండి గట్టిపడుతుంది, పక్కన రేగడి తడిగానే కనిపిస్తుంది, మనం తడి ఉందనుకుంటాం.

కాబట్టి గుంట వెడల్పుగా, తక్కువ లోతుగా తీయండి. వెడల్పు ముద్దకు మూడింతలు, లోతు ముద్ద ఎత్తుకి అంగుళం తక్కువ. తడి రేగడిని పారతో కోస్తే గుంట గోడ అద్దంలా నునుపు తేలుతుంది, వేరు దాన్ని దాటలేదు. పలుగు మొనతో గోడంతా గీతలు పెట్టండి. కవరు తీసేసి ముద్ద చుట్టూ అరంగుళం ఎర్రమట్టి రాల్చండి. చుట్టలు తిరిగిన వేళ్ళుంటే నాలుగు వైపులా పైనుంచి కిందికి అంగుళం లోతు గాటు పెట్టండి. తీసిన మట్టినే నాలుగు పాళ్ళకు ఒక పాలు మాగిన పశువుల గెత్తం కలిపి తిరిగి నింపండి. వేపపిండి పావుకిలో చాలు. మాగని పేడ వేస్తే వేడికి వేరు మాడుతుంది, చెదలు వస్తాయి.

గుంట పరీక్షలో నీరు దిగని చోట దిబ్బ కట్టండి. అడుగున ఆరడుగుల వెడల్పు, పైన మూడడుగులు, ఎత్తు అడుగున్నర. దీనికి సుమారు 25 ఘనపుటడుగుల మట్టి పడుతుంది. ముందు కింది నేలను పలుగుతో జానెడు లోతు గుల్ల చేయండి, లేకపోతే దిబ్బ, నేల దేనికదే అయిపోతాయి. చుట్టూ ఇటుకలు పేర్చేటట్లయితే సిమెంటు పూయకుండా సందులు వదలండి. మొదటి వానలకు దిబ్బ మూడు నాలుగు అంగుళాలు కుంగుతుంది, ఆ లెక్కన మొక్కను కాస్త ఎత్తుగానే కూర్చోబెట్టండి. కాండం వేరుగా మారుతూ వెడల్పయ్యే చోటు మట్టిపైన కనిపిస్తూ ఉండాలి. దాన్ని పూడ్చేస్తే నాలుగో ఏట బెరడు కుళ్ళి చెట్టు పోతుంది, కారణం ఎవరికీ అంతుపట్టదు.

ఊతానికి రెండు సరుగుడు కర్రలు ముద్దకు బయట రెండు పక్కలా రెండడుగుల లోతు దించండి. పాత సైకిలు ట్యూబు ముక్కతో మొక్క ఎత్తులో మూడో వంతు దగ్గర వదులుగా, ఎనిమిది అంకెలా చుట్టి కట్టండి. కాండం కొద్దిగా ఊగితేనే మొదలు లావెక్కుతుంది. పురికొస, ఇనుప తీగ బెరడు కోస్తాయి. మొదటి తుఫాను కాలం గడిచాక జనవరిలో కర్రలు తీసేయండి.

పైన కొబ్బరి డొక్కలు బోర్లా పరచండి, లేదా మూడంగుళాల మందం వరిగడ్డి. పచ్చి డొక్కల్లో ఉప్పు లవణాలుంటాయి, రెండు వారాలు నీళ్ళలో నానబెట్టి వాడండి. మొదలుకి నాలుగంగుళాలు ఖాళీ ఉంచండి.

నీళ్ళు, కత్తిరింపు

నాటిన రోజు 15 లీటర్లు. తర్వాత రెండు వారాలు రోజు విడిచి రోజు అయిదు నుంచి ఎనిమిది లీటర్లు. తడి చూడాల్సింది ఎర్రమట్టి ముద్దలో వేలు పెట్టి, పక్కనున్న నల్లమట్టిలో కాదు. రెండంగుళాల లోతున చల్లగా తగిలితే ఆ పూట పోయకండి. మొదటి వేసవిలో కాలువలు కట్టేశాక వారానికి రెండుసార్లు 20 లీటర్లు, ముద్ద చుట్టూ రెండడుగుల వలయంలో. రెండో ఏట నుంచి వారానికోసారి.

ఆకులు పసుపు రంగుకు మారితే వెంటనే ఎరువు వేయకండి. కింది ముదురు ఆకులు పండి, మట్టి వాసన పుల్లగా ఉంటే నీరు ఎక్కువైంది. లేత ఆకులు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే ఇనుము అందడం లేదు, క్షారం ఉన్న నేలల్లో ఇది మామూలే. పిండినల్లికి లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్ళు, సాయంత్రం పూట, వారం విడిచి మూడుసార్లు.

కత్తెర పట్టే వేళ చెట్టును బట్టి మారుతుంది. పారిజాతం పూత అయ్యాక జనవరిలో, పెరిగిన కొమ్మలో మూడో వంతు తీయండి. చైనా గోరింట కొత్త చిగురు మీద పూస్తుంది కాబట్టి జనవరిలో పెన్సిలు కంటే సన్నటి కొమ్మలన్నీ తీసి మూడు నాలుగు ప్రధాన కొమ్మలు ఉంచండి. దేవగన్నేరును వానలో కోస్తే గాటు కుళ్ళుతుంది, వేసవిలోనే కోయాలి.

అన్నిటికీ కలిపి సెప్టెంబరులో ఒక పని ఉంది. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుఫాను, 2018 డిసెంబరు 17న కాట్రేనికోన దగ్గర తీరం దాటిన పెథాయ్ గుర్తున్నవాళ్ళకి దీని అవసరం చెప్పక్కర్లేదు. చెట్టు తల నరకకండి. తల నరికితే గుబురుగా పిలకలు వేసి గాలికి తెరచాపలా అడ్డం పడుతుంది. లోపలికి పెరిగినవి, ఒకదానికొకటి రాసుకునేవి, ఎండినవి, ఇరుకు కోణంలో చీలినవి తీయండి. మొత్తం మీద నాలుగో వంతు మించి తీయక్కర్లేదు. ఎదురుగా నిలబడితే కొమ్మల సందుల్లోంచి అవతలి గోడ అక్కడక్కడా కనిపించాలి.

అయినా చెట్టు ఒరిగితే, వేళ్ళు ఇంకా తడిగా ఉన్న మొదటి రెండు రోజుల్లోనే నిలబెట్టాలి. బయటపడ్డ వేళ్ళ మీద తడి గోనె సంచి కప్పండి. ఒరిగిన వైపున వేళ్ళ కింద మట్టి తీసి చోటు చేసి, ఇద్దరు ముగ్గురు పట్టుకుని నెమ్మదిగా లేపండి, తాడుతో ఒక్కసారిగా గుంజితే మిగిలిన వేళ్ళు కూడా తెగుతాయి. చిట్లిన వేళ్ళను కత్తితో నున్నగా కోసి, మట్టి కప్పి, కొమ్మల్లో మూడో వంతు తగ్గించి, మూడు వైపులా సరుగుడు ఊతాలు పెట్టండి. ఈసారి ఆ ఊతాలు ఏడాది పాటు ఉండాలి.